సీతాకోకచిలుకల టీచరుగారు

బుధవారం బడిలో ప్రార్థన అయ్యి పిల్లలు వరసగా తరగతులకు వెళుతున్నారు. గుణదల నుంచి మా టీచరుగారి తమ్ముడు సైకిలు మీద వచ్చి గేటు దగ్గర దిగాడు. నన్ను చూసి, "అక్క తెల్లారుజామున పోయిందండీ. సాయంత్రం తీసుకెళతాం" అన్నాడు. నేను తలూపి క్లాసుకు వెళ్ళిపోయాను. బోర్డు మీద పద్యం సగం రాశాక చెయ్యి ఆగిపోయింది. పిల్లలు పుస్తకాలు మూసేశారు. వాళ్ళకి అప్పటికే తెలిసిపోయినట్టుంది.

ఆవిడ నాకు బయాలజీ చెప్పారు. నేను తెలుగు చెప్పడానికి అదే బడిలో చేరాక స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ ఆవిడదే. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. ఓడల్లో పనిచేసిన అన్నయ్య ఎప్పుడో తెచ్చిచ్చిన జర్మనీ కెమెరా ఒకటి ఉండేది. దాన్ని భుజాన వేసుకుని, బడి లేని పొద్దుటిపూటల్లా కాలవ పక్కనున్న మునిసిపల్ పార్కుకు వెళ్ళేవారు. తలంబ్రాల పూలపొదల దగ్గర, నిమ్మచెట్టు కింద, గోడవారనున్న జిల్లేళ్ళలో ఒంగి ఒంగి సీతాకోకచిలుకల ఫోటోలు తీసేవారు. నేత చీర అంచులకి ఎప్పుడూ పల్లేరుకాయలు అంటుకుని ఉండేవి. వాటిని స్టాఫ్ రూంలో కూర్చుని ఒక్కొక్కటే పీకి కిటికీలోంచి పారేసేవారు.

ఒకసారి పార్కులో నడవడానికి వచ్చిన పెద్దాయన, ఈవిడ పొదలో తల దూర్చి ఉండటం చూసి, "ఏం పోయిందండీ, ఉంగరమా?" అని అడిగాడు.

"పోలేదండీ, దొరికింది" అన్నారు ఈవిడ, తల తిప్పకుండానే.

మనుషుల్ని మాత్రం తీసేవారు కాదు. పెళ్ళిళ్ళకు పిలిచి ఎవరైనా అడిగితే, "మనుషులకి స్టూడియోలున్నాయి కదండీ" అని నవ్వేసేవారు.

ఒక ఏడాది బడిలో ఎగ్జిబిషన్ పెట్టారు. వేరే బడివాళ్ళు సీతాకోకచిలుకల్ని గుండుసూదులతో గుచ్చి అద్దాలపెట్టెలో పెట్టారని హెడ్‌మిస్ట్రెస్‌గారికి తెలిసింది. మనమూ అలా పెడదామన్నారు. మా టీచరుగారు గొంతు పెంచే మనిషి కాదు. "చంపి తెచ్చినదాన్ని చూపించి ఇది జీవశాస్త్రమని పిల్లలకి ఎట్లా చెప్పనండీ?" అన్నారు. పెట్టెకు బదులు అట్టల మీద తన ఫోటోలు అంటించారు. అన్నీ నలుపూ తెలుపే. ఆరో తరగతి పిల్ల ఒకతి, "రంగులేవండీ?" అని అడిగింది.

"రంగులు పార్కులో ఉన్నాయమ్మా. పొద్దున్నే రా, చూపిస్తాను."

ఆ మాట నమ్మి వెళ్ళిన పిల్లలు చాలామందే ఉన్నారు. సీతాకోకచిలుకల టీచరని పేరు పెట్టింది వాళ్ళే.

దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు, గుణదల చర్చి నుంచి బియ్యం, బట్టలు తీసుకుని కొందరు బయల్దేరారు. టీచరుగారూ, నేనూ వెళ్ళాం. కూలిపోయిన చర్చిల ఫోటోలు తీసుకురమ్మని ఫాదర్‌గారు చెబితే ఆవిడ కెమెరా పట్టుకున్నారు. అక్కడ చూసినవన్నీ రాయలేను. అవనిగడ్డ దాటాక ఒక పల్లెలో, మెడలో కెమెరా చూసి ఒకాయన మా దగ్గరకొచ్చాడు.

"అమ్మా, మా పిల్ల బొమ్మ ఒక్కటి తియ్యండమ్మా. బతికుండగా తీయించలేదు. రేపు దాని మొకం మర్చిపోతానేమోనని బయంగా ఉందమ్మా."

పాపను చాప మీద పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉంది. టీచరుగారు మోకాళ్ళ మీద కూర్చుని, కొంగు తడిపి పాప నుదుటి మీది బురద తుడిచి, జుట్టు సర్ది, ఫోటో తీశారు. తిరిగొచ్చే దారిలో కెమెరాను మెడలోంచి తీసి సంచి అడుగున పెట్టేశారు.

ఆ తరవాత ఆవిడ పార్కుకు వెళ్ళడం మానేశారు. వానలు వెలిసి, మంచు మొదలై, పొదలన్నీ పూసినా వెళ్ళలేదు. నేనే ఒకరోజు అడిగాను.

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళనమ్మాయ్? అంతమంది పోయారు. నేనేమో పురుగులకి ఫోటోలు తీస్తూ కూచోవాలా?" అన్నారు.

రీలు వన్ టౌన్‌లో స్టూడియోలో కడిగించారు. ఉప్పెనకు ముందు పార్కులో తీసినవీ ఆ రీల్లోనే ఉన్నాయి. కవరు తెరిస్తే ముందు సీతాకోకచిలుకలు, చివర ఆ పాప. పోస్టులో పంపడం ఇష్టంలేక, ఇద్దరం బస్సెక్కి మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాం. తండ్రి కొత్త పాకకు తాటాకు కప్పుతున్నాడు. దిగి వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని ఫోటో అందుకున్నాడు. భార్యను పిలిచి, "ఇదుగో, మన పిల్ల" అన్నాడు. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుని పాకలోకి వెళ్ళిపోయింది.

అతని చూపు కవరు మీద పడింది. "మిగతాయి ఏంటమ్మా?"

"సీతాకోకచిలుకలండీ. మా ఊరి పార్కులోవి."

ఒక్కొక్కటే చూశాడు. "నీళ్ళు తీశాక ఇక్కడ ఒక్కటీ కనపళ్ళేదమ్మా. పచ్చటి ఆకుంటేగా. ఒకటి నాకిస్తారా? పిల్ల పక్కన పెట్టుకుంటాం."

టీచరుగారు కవరు మొత్తం అతని చేతిలో పెట్టేశారు.

తిరుగు బస్సు ఉయ్యూరు చేరింది. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకుబళ్ళు అడ్డమొచ్చి బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తూనే, "రేపు పార్కుకి వెళతానమ్మాయ్" అన్నారు. అప్పుడు ఏడ్చారు. నేనూ ఆపుకోలేకపోయాను.

నిరుడు కడుపునొప్పి మొదలైంది. అజీర్తి అంటూ నెట్టుకొచ్చారు. గుంటూరు తీసుకెళితే, ఆపరేషన్‌కని కోసిన డాక్టర్లు, చేసేదేమీ లేక మళ్ళీ కుట్టేశారు. ఆ సంగతి తమ్ముడు నాకు చెప్పాడు గానీ, ఆవిడతో ఎవరమూ అనలేదు. ఆవిడా మమ్మల్ని అడగలేదు. మంచం పక్కన కూర్చుంటే బడి కబుర్లు అడిగేవారు. నొప్పి వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేవారు.

ఆ సాయంత్రం సమాధి దగ్గర మట్టి ఇచ్చి వస్తుంటే, మంచంపట్టక ముందు చివరిసారి ఆవిడతో పార్కుకు వెళ్ళిన రోజే కళ్ళలో మెదిలింది. మంచు పొగలా ఉంది. గడ్డిపరక మీద ఒక సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని, తడిసి, ఎండుటాకులా అంటుకుని ఉంది. టీచరుగారు నా భుజం ఆసరాగా మెల్లగా కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. కెమెరా కంటికి ఆనించి అలాగే ఉండిపోయారు. చీర తడిసిపోతోంది. పడిపోతారేమోనని భయపడి, "లేద్దామా టీచరుగారూ?" అన్నాను.

"ఎండ రానీ అమ్మాయ్, విప్పుతుంది."

కాలవ అవతలి గట్టు మీద అప్పుడప్పుడే వెలుగు పడుతోంది. ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.