వదిన తుంటి ఎముక, డాక్టరమ్మ గాజుపలకలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు ముడుచుకోవద్దు, హాయిగా చాపుకోండి. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, మనిషి ఒంటిలోపలి వింత ఒకటి కళ్ళారా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాంపల్లిలో మా మేడమీది గదిలో ఒకామె కిరాయికి ఉండేది. మెదక్ వైపు క్రైస్తవుల అమ్మాయి, మేమంతా డాక్టరమ్మ అనేవాళ్ళం. దవాఖానలో రొమ్ము కాన్సరు మీద పరిశోధన చేసేది. కోసి తీసిన గడ్డ నుంచి ఉల్లిపొర కన్నా పల్చటి ముక్క తీసి, రంగు వేసి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూడడం ఆమె పని. రొమ్ములో పుట్టిన కాన్సరు ఎముకలదాకా ఎలా పోతుంది, ఎందుకు పోతుంది? ఆమె వయసంతా ఆ ఒక్క ప్రశ్నకే ఇచ్చేసింది. ఆపరేషను అయిన ఆడవాళ్ళు మొజంజాహీ మార్కెట్లో పండ్లు కొంటూ కనబడినా, ఆపి మరీ ఒళ్ళెలా ఉందో అడిగేది.

మా ఆయన అక్క, అంటే మా వదిన, మాతోనే ఉండేది. కొన్నేళ్ళ కిందట ఆమెకూ ఒక రొమ్ము తీసేశారు. డాక్టరమ్మ మెట్లెక్కుతూ ఆమె ఎముకల సంగతే అడిగేది.

"పెద్దక్కా, బొక్కలేమన్న నొస్తున్నయా?"

"నా బొక్కల మీద గంత ప్రేమేందే నీకు? మందియ్యవు, సూదియ్యవు, గిదేం డాక్టరువు!" అని వదిన నవ్వేది.

ఒక ఎండాకాలం వదిన కుంటడం మొదలుపెట్టింది. స్నానాల గదిలో జారానని మాతో అంది. డాక్టరమ్మకైతే "ఏం లేదు పో" అని దాటేసింది. మా వాడల్లో కాలు బెణికినా, ఎముక జరిగినా పైల్వాన్నే పిలుస్తాం. కుస్తీలు పట్టిన చేతులు గదా, ఎముకల జాడ వాటికి తెలుసని నమ్మకం. ఆయన వచ్చి నూనె రాసి, తుంటి తడిమి చూశాడు.

"బొక్క జర జరిగిందమ్మా. ఒక్క గుంజుడు గుంజితే కూసుంటది. ఫికర్ చెయ్యకు."

నేను వదిన భుజాలు పట్టుకున్నాను. అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ సంచి కింద పడేసింది.

"పైల్వాన్ సాబ్, గుంజకుర్రి! చెయ్యి తియ్యుండ్రి!"

"రొమ్ము పోయి ఎన్నేండ్లాయె. రొమ్ముకు తుంటికి ఏం సంబంధమే?" అని వదిన గసిరింది.

"ముందు ఎక్స్‌రే తీపిద్దాం పెద్దక్కా. లోపల గుల్లయి ఉంటే, గుంజంగనే ఇరుగుతది. ఇరిగితే మంచం దిగవు."

పైల్వాను చేతులు తుడుచుకున్నాడు. "అమ్మ చెప్పింది ఇనుండ్రి. జరిగిన బొక్క కూసోబెడ్త. గుల్లయిన బొక్క నాతోని కాదు."

ఎక్స్‌రేలో తుంటి ఎముక చెదలు తిన్న దూలంలా కనిపించింది. దవాఖానవాళ్ళు అక్కడినుంచి చిన్న ముక్క తీశారు. డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపు ఉన్న తన బల్ల దగ్గరికి తీసుకుపోయింది.

"అక్కా, ఒక కన్ను మూసి చూడు. గిది పెద్దక్కకు అప్పట్ల తీసిన రొమ్ము గడ్డ."

గులాబీ రంగులో, వంకాయ రంగు చుక్కలు చేతిగాజుల్లా గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో చెప్పడానికే భయమేసింది. ఆమె పలక మార్చింది. మళ్ళీ అవే గాజులు, అదే తీరు.

"గిదేంది, మల్ల అదే పెట్టినవా?"

"కాదక్కా. గిది తుంటి బొక్క. రొమ్ము తియ్యకముందే ఒక కణం నెత్తురుల పడి బయటికొచ్చింది. ఇన్నేండ్లు యాడనో సప్పుడు లేకుంట పండుకుంది. లేచి, బొక్కల గూడ రొమ్ముల ఉన్నట్టే ఇల్లు కట్టుకుంది. ఎట్ల పండుకుంది, ఎందుకు లేచింది, నాకింకా తెల్వదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో దేవుడి ముందు నిలబడినవాళ్ళ వణుకు చూశాను.

"మా వదినె బతుకుతదా?"

"మొత్తం పోగొట్టలేం. నడిపియ్యగలం."

తుంటికి కరెంటు, అంటే కిరణాల వైద్యం, పెట్టించారు. నొప్పి తగ్గింది, ఎముక గట్టిపడింది. వానలు పడేనాటికి వదిన నా చెయ్యి పట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు కన్నుమూసింది గానీ, ముందురోజు కూడా పొయ్యి దగ్గరికి తానే నడిచి వచ్చింది.

మీ ఇంటి ఆడవాళ్ళ ఒంట్లో నొప్పి దాగకుండా ఉండుగాక. అడిగేవాళ్ళు ఇంట్లో ఉండుగాక. మీ గడపలో అందరూ తమ కాళ్ళమీద తాము నడుస్తూ చల్లగా ఉండుగాక.