సున్నం గోడకు రంగు వేసిన రోజు

నిన్న పొద్దున్నుంచీ మా పై వాటాలో గోడలకు రంగులు వేస్తున్నారు. బళ్ళారిలో మేముంటున్న వీధిలో ఇళ్ళు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయంటే, ఒకరింట్లో తిరగమోత పెడితే నలుగురు తుమ్ముతారు. ఇక రంగు సంగతి చెప్పనక్కరలేదు. కొంచెం పులిసినట్టు, కొంచెం తడి సుద్దలాగా ఉండే ఆ పచ్చి వాసన కిటికీలోంచి రాగానే నా చెయ్యి నాకు తెలియకుండానే గుండెల మీదికి పోతుంది. ఆయాసం నన్ను వదిలి చాలా ఏళ్ళయింది. అయినా ఆ వాసన తగిలితే చాలు, తొమ్మిదేళ్ళ పిల్లనై తెక్కలకోటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, లోపల ఏం జరుగుతుందోనని చెవులు రిక్కించి వింటూ ఉంటాను.

ఆ ఇంటి గోడలు మా అవ్వవి. అవ్వ అంటే నాన్నకు తల్లి. ఇల్లు కట్టించింది తాతే అయినా, గోడలు మాత్రం అవ్వవేనని ఊరంతా ఒప్పుకునేది. ఎండలు ముదిరి, వేపలు పూతకొచ్చి, వరి కోతలైన మళ్ళలోంచి వేడిగాలి కొట్టే రోజుల్లో, ఉగాదికి పది రోజుల ముందు, పెరట్లో పాత కాగులో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోసేది. రాళ్ళు బుసబుసమని పొంగుతుంటే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మర్నాడు అది వెన్నలా చల్లారాక చిటికెడు నీలిమందు కలిపి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నారకుంచెతో ఇల్లంతా తానొక్కతే కొట్టేది. మనిషిని పెట్టుకుందామంటే ఒప్పుకునేది కాదు. సున్నానికి నాని నాని ఆమె వేళ్ళ కొసలు పగిలి ఉండేవి. ఆ వేళ్ళతోనే పండగనాడు బొబ్బట్లు, మా మాటలో ఓళిగలు, తట్టేది. వేడి ఓళిగ మీద నెయ్యి పోసి, తెల్లటి గోడకు ఆనుకుని కూర్చుని తినడమే మాకు ఉగాది.

అలా ఆనుకున్నందుకే నాకు బడిలో పేరు పడింది. యూనిఫాం వీపంతా తెల్లగా అంటుకుని ఉండేది. మాది కన్నడ బడి. 'సుణ్ణద గొంబె' అనేవాళ్ళు పిల్లలు, సున్నపు బొమ్మ అని. ఆ ఎగతాళికి నేను ఏడ్చిన గుర్తు లేదు గానీ, ఆ ఏడు వానల్లో మొదలైన ఆయాసం మాత్రం బాగా గుర్తుంది. ఊపిరి లోపలికి పోయేది, బయటికి రావడానికి దారి వెతుక్కునేది. గొంతులో పిల్లంగోవి ఊదినట్టు శబ్దం. సిరుగుప్పలో డాక్టరు నా వీపు మీద చల్లటి గొట్టం పెట్టి విని, మందులు రాసి, "ఇంట్లో దుమ్ము రాలే గోడలున్నాయామ్మా?" అని అమ్మను అడిగాడు. మా ఇంట్లో పొరల మీద పొరలుగా పేరుకున్న సున్నం మంచాల మీద, ఉతికిన బట్టల మీద, ఒక్కోసారి అన్నం కంచంలో కూడా రాలేది.

అమ్మ క్యాంపు పిల్ల. కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ పల్లెల్ని మా వైపు క్యాంపులంటారు. అమ్మ 'ఎక్కడ' అంటే అవ్వ 'యాడ' అనేది, అమ్మ 'అత్తయ్యా' అంటే అవ్వకు ఆ 'య్య' ఎందుకో గుచ్చుకునేది. పెళ్ళయి పదేళ్ళయినా అమ్మ ఆ ఇంట్లో ఒక గిన్నె చోటు మార్చి ఎరగదు. డాక్టరు మాట చెప్పి, గోడలు గీకించి రంగు వేయిద్దామంటే అవ్వ తల కూడా ఎత్తలేదు.

"సున్నం లేని ఇల్లు ఇల్లేనా? గోడ ఊపిరి పీల్చాల. రంగు పూస్తే గోడ నోరు మూసినట్లే."

"గోడ సంగతి కాదత్తయ్యా, పిల్ల ఊపిరి..."

"నా కొడుకులు ఈ గోడల్లోనే పెరిగినారు."

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. నాన్న లారీ తోలేవాడు. ఖనిజం ఎత్తుకుని రేవుకు పోతే వారం దాకా రాడు. వచ్చినా, వాళ్ళిద్దరి మధ్య మాట్లాడే మనిషి కాదు.

కార్తీకంలో హచ్చొళ్ళిలో మా మేనత్త ప్రసవించింది. పదకొండోనాటి దాకా ఉండి వస్తానని అవ్వ బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా అమ్మ వీధిలో నిలబడి చూసింది. తర్వాత ఇంట్లోకి వచ్చి, కొంగు నడుముకు చుట్టి, ముందు గదిలో మంచాలు బయటికి లాగడం మొదలుపెట్టింది.

మా వీధి చివర ఖాసీం సాబ్ అని రంగులు వేసే ఆయన ఉండేవాడు. తోరణగల్లు వైపు కొత్త ఇళ్ళకు రంగులేస్తూ రోలరు పట్టడం నేర్చినవాడు. నిచ్చెన మీంచి పడి కుడిచెయ్యి విరిగి, కట్టుతో ఇంటిపట్టున ఉన్నాడు. అమ్మ వెళ్ళి అడిగితే తన రోలరు, ట్రే, గోడ గుంటలు పూడ్చే లప్పం పెట్టే రేకు అన్నీ సంచిలో వేసుకుని వచ్చాడు గానీ గడప దాటలేదు.

"మగోళ్ళు ఇంట్లో లేరమ్మా. అవ్వా లేదు. నేను ఈడనే కూసుంటా. నువ్వు చెయ్యి, నేను చెప్తా."

దుమ్ముకు, వాసనకు దూరంగా ఉండాలని నన్నూ బయటే ఉంచారు. అలా నాలుగు రోజులు నేనూ ఖాసీం సాబూ అరుగు మీదే. నేను గచ్చకాయలు ఆడేదాన్ని. ఆయన మరమరాలతో చేసిన ఉగ్గాణీ పొట్లం విప్పి మిరపకాయ బజ్జీలో కారం లేని కొస నాకు తుంచి పెట్టేవాడు. వీధిలో పోయేవాళ్ళు నడక తగ్గించి లోపలికి తొంగిచూసేవాళ్ళు. ఎదురింటామె రోజుకు మూడుసార్లు అగ్గిపెట్టె అడగడానికి వచ్చేది. ఆమె వచ్చినప్పుడల్లా లోపల గీకుడు ఆగేది, పోగానే మళ్ళీ మొదలయ్యేది.

దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి సున్నం గీకడానికి రెండు రోజులు పట్టింది. పొరలు ఊడి వస్తుంటే, ఒక ఏడు నీలిమందు ఎక్కువైన పొర, ఒక ఏడు పసుపు పచ్చటి పొర, ఇలా అవ్వ ఉగాదులన్నీ తట్టల్లోకెక్కి పెరట్లోకి పోయాయి. మూడో రోజు లప్పం, ఉప్పుకాగితంతో రుద్దుడు, ఆ మీద ప్రైమరు. నాలుగో రోజు రంగు, లేత మీగడ రంగు.

ఖాసీం సాబ్ కూర్చున్న చోటికి ఆ గోడలు కనబడవు. ఆయన వినేవాడు. రోలరు చిరచిరమంటే, "రంగు అయిపోయినాది, ముంచుకోమ్మా" అని కేకేసేవాడు. చప్‌చప్‌మంటే, "ఎక్కువైంది, ట్రేలో జర ఒత్తుకో" అనేవాడు. "ముందు అడ్డదిడ్డంగా రంగు పరుచు. మళ్ళా పైనుంచి కిందికి ఒకే దారిన, బరువు పెట్టకుండా లాగు. ఈ వరస తడి ఆరేలోపు పక్క వరస కలవాల. గోడ మొదలుపెడితే మూల ముట్టేదాకా ఆగగూడదు. ఆగితే ఆడ అతుకు పడ్తాది, ఇంగ పోదు."

మధ్యాహ్నానికి మూడు గోడలయ్యాయి. మిగిలింది పొడవాటి పెద్ద గోడ. అమ్మ అది సగం చేరేసరికి, వీధి మొదట్లో సంచి చంకన పెట్టుకుని వేగంగా నడిచి వస్తున్న అవ్వను నేను చూశాను. వారం ముందే వచ్చేసింది. మీ ఇంట్లో గోడలు గీకుతాండారంట అని హచ్చొళ్ళి బస్సులో ఎవరో ఆమె చెవిన వేశారని తర్వాత తెలిసింది.

నేను గడప వైపు లేచాను. ఖాసీం సాబ్ మంచి చేత్తో నా భుజం పట్టుకున్నాడు.

"చెప్పొద్దు పిల్లా. చెప్తే మీ అమ్మ చెయ్యి ఆగుతాది."

చెప్పకపోతే అమ్మకు ద్రోహం చేసినట్టు, చెబితే గోడ పాడుచేసినట్టు అనిపించింది. అవ్వ ఒక్కో ఇల్లు దాటుతుంటే నా ఊపిరి బిగుసుకుంటూ వచ్చింది. ఆయన లేచి నిలబడి, "అవ్వా, ఒక్క అరగంట..." అన్నాడు. అవ్వ ఆయన వైపు చూడకుండా చెప్పులు వదిలి లోపలికి పోయింది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను.

"ఎవురినడిగి చేస్తాండావే?"

రోలరు ఆగింది.

"ఆపొద్దమ్మా!" అని అరుగు మీంచి ఖాసీం సాబ్ అరిచాడు.

అమ్మ తిరిగి చూడలేదు. రోలరు మళ్ళీ కదిలింది. "ఈ గోడ అయ్యాక ఏమైనా అనండత్తయ్యా. తిట్టండి, కొట్టండి. ఇప్పుడు ఆపలేను."

"నలభై యేండ్లు! నలభై యేండ్లు కొట్టినా ఈ గోడలకు. సూడు నా చేతులు సూడు!"

అమ్మ చూడలేదు. అవ్వ నడిచి వెళ్ళి రంగు ట్రేకు అడ్డంగా, అమ్మకూ ట్రేకూ మధ్య నిలబడింది. అమ్మ మరో వరస లాగింది. ఇంకోటి. రోలరు చిరచిరమనడం మొదలైంది. బయట ఖాసీం సాబ్ విన్నాడు, కానీ ఈసారి ముంచుకోమని చెప్పలేదు. అమ్మ రోలరు దించి వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గోడ మీద తడి మెరుపు అంచు నుంచి మెల్లగా మాసిపోవడం నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడు నాకు దగ్గు తెర వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. గడప మీద వంగిపోయాను. గొంతులో ఆ పిల్లంగోవి శబ్దం గది మొత్తం వినబడింది. అమ్మ నా వైపు ఒక అడుగు వేసింది.

అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు నీ పని సూసుకో," అంది. పక్కకు తప్పుకుని, కాలితో ట్రేను అమ్మ ముందుకు తోసింది. కడప బండల మీద రేకు ట్రే గీసుకున్న చప్పుడు. తర్వాత వచ్చి నన్ను ఎత్తుకుని, పెరట్లో వేపచెట్టు కిందికి తీసుకుపోయి, ఆ పగిలిన వేళ్ళతో వీపు రాస్తూ కూర్చుంది. ఆమె గుండె నా చెంపకు గట్టిగా కొట్టుకుంటూ ఉంది.

గోడకు అతుకు పడలేదు. అవ్వ తొమ్మిది రోజులు అమ్మతో మాట్లాడలేదు. వంటింటి గోడల జోలికి వస్తే ఊరుకునేది లేదని నాన్నతో చెప్పి పంపింది. అమ్మ వాటిని ముట్టుకోలేదు. నా ఆయాసం ఆ చలికాలమే తగ్గలేదు గానీ, రాత్రుళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది. మరుసటి వానల్లో నేల చెమ్మ పైకెక్కి, ముందు గదిలో మోకాలెత్తు దాకా రంగు బొబ్బలు తేలి ఊడిపోయింది. "గోడ ఊపిరి పీల్చాలని నేను చెప్పలే?" అంది అవ్వ. అమ్మ ఊడినమేర గీకేసి, ఎంత నీళ్ళు పోయాలని అవ్వనే అడిగి, కాగులో సున్నం తడిపింది. అప్పటి నుంచి మా ముందు గది కింద సున్నం, పైన రంగు. వచ్చినవాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

అవ్వ పోయి ఏడేళ్ళయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ముందు గది పోయింది, అరుగూ పోయింది. ఖాసీం సాబ్ కుటుంబం హొసపేట వెళ్ళిపోయిందన్నారు. సున్నపు రాళ్ళు కావాలంటే ఇప్పుడు అంగట్లో కుర్రాళ్ళు తాంబూలంలోకి వేసుకునే సున్నం డబ్బా తీసి చూపిస్తారు.

నిన్న సాయంత్రం, మా దగ్గరే ఉంటున్న అమ్మకు టీ ఇస్తూ అడిగాను, ఆ రోజు ట్రే ఎందుకు తోశావని అవ్వను ఎప్పుడైనా అడిగావా అని.

"అడగలేదు," అంది అమ్మ. "అడిగితే 'నేను తోయలే' అనేది మీ అవ్వ. ఆ మాట వినడం ఇష్టం లేక అడగలేదు."