ఇద్దరికీ ఒకటే నల్ల కోటు

పోయిన ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చి కూర్చున్నానో లేదో, బ్రిస్బేన్ నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. అక్క అంటే తోడబుట్టింది కాదు, చదువుకునే రోజుల్లో సిడ్నీ పెండిల్ హిల్‌లో నాతో పాటు ఒకే అద్దె ఇంట్లో ఉన్న ఆవిడ, ఇప్పుడు బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడింది. ఆ పిల్ల యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతోంది. సర్వర్ వర్చువలైజేషన్ మీద పరీక్ష ఉందట, వాళ్లమ్మను అడిగితే నాకు నేర్పింది సిడ్నీ ఆంటీయే, పోయి ఆవిడనే అడుగు అని తప్పించుకుందట. నాకు ఉత్సాహం ఆగలేదు. గరాజ్‌లో అట్టపెట్టెల అడుగున ఉన్న నా పాత నోట్సు వెతికి తీసి, మంచి పేజీ ఒకటి ఫోటో తీసి పంపాను. ఆ పిల్ల అది చూసి, "ఇట్ లుక్స్ సో ప్రెటీ ఆంటీ, బట్ ఐ కాంట్ రీడ్ ఇట్" అంది.

నిజమే, పైన శీర్షిక మాత్రమే ఇంగ్లీషు, కిందంతా తెలుగు. మాట్లాడితే అర్థమవుతుంది గానీ చదవడం ఆ పిల్లకు రాదు. సరే, నేనే చదివి వినిపిస్తానన్నాను. ఓ మూల చింతపండు పులుసు మరక పడిన ఆ కాగితం పైకి చదువుతూ ఉంటే, పాఠం ఎటో పోయి మా వంటిల్లు కళ్ల ముందు నిలబడింది.

మా కోర్సులో వర్చువలైజేషన్‌తో పాటు ఎకనామిక్స్ కూడా తప్పనిసరి. మాలాంటి వాళ్లకు పార్ట్‌టైమ్ పనుల షిఫ్టులు దొరికేది సరిగ్గా క్లాసులున్న రోజుల్లోనే, క్లాసు మానితే చదువు పోతుంది, షిఫ్టు మానితే అద్దె పోతుంది. మన తరం వాళ్లకు ఈ తంటా నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వర్చువలైజేషన్ క్లాసుకు నేను వెళ్లేదాన్ని, ఆ పూట అక్క షిఫ్టుకు వెళ్లేది. ఎకనామిక్స్‌కు అక్క వెళ్లేది, ఆ పూట నేను సూపర్‌మార్కెట్లో ఉల్లిపాయలు సర్దేదాన్ని. సాయంత్రం ఇద్దరం వంటింట్లో కలుసుకుని, ఒకరు కూరగాయలు తరుగుతుంటే ఒకరు పాఠం చెప్పేవాళ్లం. అలా రాసుకున్నవే ఈ నోట్సు.

నాది కరీంనగర్ వైపు, అక్కది నరసాపురం దగ్గర పల్లె. బీకాం చదివి, పెళ్లయి, ఏడాది నిండని పాపను భర్త దగ్గరా అత్తగారి దగ్గరా వదిలి వచ్చింది. ఇక్కడ నికరమైన ఉద్యోగం వస్తే తప్ప భర్తనూ పాపనూ పిలిపించుకోలేదు. ఆ సంగతి ఏడుస్తూ చెప్పేది కాదు, కూరలో ఉప్పు సరిపోలేదన్నంత మామూలుగా చెప్పేది. నాకూ ఉద్యోగం కావాలి, వీసా గడువు నాకూ దగ్గరపడుతోంది, కానీ నా ఎదురుచూపు వేరు, ఆవిడ ఎదురుచూపు వేరు.

పూర్వం ఒక్కో పనికి ఒక్కో సర్వర్ కొనేవారు, అది చాలాసేపు ఖాళీగానే పడి ఉండేది, ఇప్పుడు ఒక పెద్ద యంత్రంలోనే బోలెడు చిన్న యంత్రాలను కాపురం పెట్టిస్తున్నారు, ప్రతిదీ ఇల్లంతా తనదేననుకుంటుంది, అని నేను మా అద్దె ఇంటినే చూపించి చెప్పాను. ఉన్న జాగా కంటే ఎక్కువ మందికి మాటిచ్చినా ఫరవాలేదు, అందరూ ఒకేసారి అడగరు కదా అనే ధీమాతో అది నడుస్తుందంటే, అక్క వంకాయ తరగడం ఆపి, "ఓస్, మా చర్చిలో క్రిస్మస్ భోజనాలేగా. పిలిచినోళ్లందరూ ఒకే బంతిలో కూర్చోరు కదే" అంది. మా లెక్చరర్ బోలెడు బొమ్మలు గీసి చెప్పినదాన్ని అక్క బంతి భోజనాల్లో తేల్చేసింది.

ఎకనామిక్స్ మాత్రం నాకు ఒక పట్టాన ఎక్కేది కాదు. వస్తువు ధర అంటే దాని మీద అంటించిన చీటీ కాదనీ, దాని కోసం మనం ఇంకేది వదులుకున్నామో అదే అసలు ధర అనీ అక్క ఎన్నిసార్లు చెప్పినా తలాడించడమే తప్ప నాకు పట్టుబడలేదు. చివరికి ఒకరోజు పప్పు మెదుపుతూ, "పాప నడక నేర్చుకుంది నేను చూళ్లేదు కదే. ఈ డిగ్రీ ధర అది" అంది. ఆ పాఠం నేను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

ఇక కోటు సంగతి. చివరి సెమిస్టర్లో ఇంటర్వ్యూలకు నల్ల కోటు తప్పదన్నారు. వాడిన బట్టలమ్మే ఆప్ షాపులో ఒకటి దొరికింది, నాకు భుజాల దగ్గర వదులు, అక్కకు బొత్తాల దగ్గర బిగువు, అంటే ఇద్దరికీ సమానంగా కుదరలేదు కాబట్టి ఇద్దరికీ సరిపోయినట్టే. పక్కనే ఇంకో కోటు కూడా వేలాడుతోంది. అక్క దాని మీద చెయ్యి వేస్తే వద్దని ఆపింది నేనే. మనిద్దరి ఇంటర్వ్యూలూ ఒకే రోజు పడవు కదక్కా, రెండో కోటు ఖాళీగా ఉండడానికా, ఇన్నాళ్లూ నేను చెప్పిన పాఠం ఇదే కదా అని అక్కడే ఉపన్యాసం దంచాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

రెండు ఇంటర్వ్యూలూ ఒకే రోజు పడ్డాయి. నాది పొద్దున పారమట్టాలో, అక్కది మధ్యాహ్నం సిటీలో. ఆ సరికి ఆప్ షాపులో రెండో కోటు అమ్ముడైపోయింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే కాస్త తేలికపడేదాన్ని. నేను మాత్రం తగ్గకుండా, నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే పద్ధతి కూడా మా క్లాసులో చెప్పారనీ, అలాగే కోటును పారమట్టా స్టేషన్లో మార్చుకుందామనీ అన్నాను. "నీది లేటయితేనో?" అంది అక్క. కానే కాదన్నాను.

లేటయింది. చివర్లో అడిగిన ఒక ప్రశ్నకు జవాబు తెలియక నేను తడబడడం, వాళ్లు ఇంకా లోతుగా అడగడం, నేను ఇంకా మునగడం. బయటపడ్డాక రిసెప్షన్ వైపైనా చూడకుండా స్టేషన్‌కు పరిగెత్తాను. మెట్ల మీద నుంచి చూస్తే అక్క తెల్ల చొక్కాలో ప్లాట్‌ఫారం అంచున నిలబడి ఉంది, పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. నా కోసం అప్పటికే ఒక రైలు వదిలేసింది. రెండోది వచ్చి ఆగింది. నేను పరిగెడుతూనే కోటు విప్పాను, ఆవిడ ఒక చెయ్యి దూర్చింది, రెండో చెయ్యి దొరక్క వెనక్కి తడుముకుంటుంటే కోటు చెయ్యి నేను పట్టుకుని అందించాను, తలుపుల గంట మోగింది. అద్దం వెనకాల బొత్తాలతో కుస్తీ పడుతున్న అక్కను రైలు తీసుకుపోయింది.

సాయంత్రం అక్క వంటింటి గుమ్మంలో కోటుతోనే నిలబడి, వేలితో గుండె మీద చూపించింది. పొద్దున నాకు అంటించిన విజిటర్ చీటీ, దాని మీద వేరే కంపెనీ పేరు, కింద పెద్ద అక్షరాలతో నా పేరు. అలాగే లోపలికి వెళ్లి, అలాగే కూర్చుందట. వాళ్లు ఆవిడ కాగితాలూ చీటీ మార్చి మార్చి చూసి, ఇంతకీ మీరు ఇద్దరిలో ఎవరు అని అడిగారట.

"ఏం జెప్పినవక్కా మరి?" అన్నాను.

"ఏం చెప్తానే, ఉన్నదే చెప్పాను. కోటు ఒకటి, మనుషులం ఇద్దరం, ఇదిగో ఇలా మార్చుకున్నాం అని నువ్వు నేర్పిన పాఠవంతా బోర్డు మీద గీసి చూపించాను. ఒకాయన నవ్వాడు. పక్కన కూర్చున్నావిడ మాత్రం నవ్వలేదు, రైలు తప్పిపోతే ఏం చేసేదానివి అంది. కోటు లేకుండానే వచ్చేదాన్నండీ, కోటు మీ కోసం, నేను వచ్చింది పని కోసం అన్నాను."

ఉద్యోగం అక్కకు వచ్చింది, నాకు రాలేదు. సంతోషించానా అంటే సంతోషించాను, కానీ నేర్పింది నేనైతే గెలిచింది ఆవిడా అని లోపల ఒక ముల్లు కూడా గుచ్చుకుంది, దాచేదేముంది. అది కొన్నాళ్లు అలాగే ఉంది.

చలికాలంలో అక్క భర్త పాపను తీసుకుని దిగాడు. ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్లాను. పాప తల్లిని గుర్తుపట్టలేదు, తండ్రి కాళ్ల వెనక్కి పోయి దాక్కుంది. అక్క బలవంతం చెయ్యలేదు, చేతులు చాచి అలాగే మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపటికి, నిద్ర ముంచుకొచ్చి ఎవరైతేనేంలే అనుకుందో ఏమో, ఆ పిల్ల వచ్చి ఆవిడ ఒళ్లో వాలింది. అక్క ఆ నల్ల కోటు విప్పి కప్పింది. కారులో దారి పొడవునా పాప అందులోనే నిద్రపోయింది. నా ముల్లు ఆ రోజే ఊడిపోయింది. తర్వాత నాకూ ఇంకో చోట ఉద్యోగం దొరికింది, నా కోటు నేను కొనుక్కున్నాను.

ఇదంతా కాకపోయినా, కోటు ఒప్పందం వరకూ ఆదివారం నాడు ఆ పిల్లకు చెప్పాను. శ్రద్ధగా విని, పాఠం బాగా అర్థమైందని చెప్పి, "బట్ ఆంటీ, వై డిడ్‌న్ట్ యు జస్ట్ బై ద అదర్ వన్?" అని అడిగింది. మీ ఆంటీకి తెలివి ఎక్కువయిందమ్మా అని నవ్వేసి ఫోన్ పెట్టేశాను. నువ్వు ఆ కోటులో నిద్రపోయావు అని చెబుదామనుకున్నాను గానీ, ఆ కాగితం మడిచి మళ్లీ అట్టపెట్టెలో పెట్టేశాను.

ఇప్పుడు సిడ్నీ శివార్లలో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంట్లో చుట్టాలకని ఉంచిన గది దుప్పటి నలగకుండా ఉంటుంది, అక్క ఇంట్లోనూ అలాంటిదే ఒకటుంది, ప్రతి లాంగ్ వీకెండ్‌కూ మేం వస్తామంటే మేం వస్తామనుకుంటాం గానీ ఎవరమూ కదలం. ఎవరి గది వాళ్లది, ఎవరి కోటు వాళ్లది, ఎవరి కోసం ఎవరూ రైలు వదిలేయాల్సిన పని లేదు. వీటి కోసం ఏం వదులుకున్నామని అక్క పాఠం ప్రకారం లెక్క వేసుకోవాలని ఇన్నేళ్లలో నాకు తోచలేదు. సోమవారం పొద్దున మీటింగ్ ఉందని అద్దం ముందు కోటు వేసుకుంటుంటే, ఒక చెయ్యి సులువుగానే దూరింది, రెండో చెయ్యి దొరక్క వెనక్కి తడుముకుంటూ, ఎవరో పట్టుకుని అందిస్తారన్నట్టు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను.