చీటీ మూలన రెండో అంకె

థర్మామీటర్ కీచుమంటే ఈ రోజుకీ నా కాలు ఒకచోట నిలవదు. వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే బల్ల దగ్గర పన్నెండేళ్లుగా కూర్చుంటున్నాను. అయినా ఆ చప్పుడుకు లేచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. ఈ జబ్బు నాకు సువార్తమ్మ సిస్టర్ అంటించారు. అప్పట్లో ఆమె అక్కడ పెద్ద నర్సు. పొట్టి మనిషి, నడక మాత్రం పరుగే.

నేను చేరిన మొదటి వారంలోనే కేసముద్రం నుంచి ఒక తల్లి మూడేళ్ల పాపను భుజాన వేసుకుని వచ్చింది. జ్వరం ఎంత ఉందని అడిగాను. మెడికల్ షాపులో కొత్తగా కొన్న థర్మామీటర్ తీసి చూపించింది.

"నూరు దాటితెనే జ్వరమంటరు గద మేడం. ఒళ్లు కాల్తాంది గని, దీంట్ల నలభయ్యే సూపిస్తాంది."

నేను నలభై అని రాసి, వరుసలో చివర కూర్చోమన్నాను. ఇంటర్‌లో సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చే సూత్రానికి ఫుల్ మార్కులు తెచ్చుకున్నదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ సూత్రం పరీక్ష పేపర్లోనే ఉండిపోయింది.

అటుగా పోతున్న సిస్టర్ పాప నుదుటి మీద చేయి వేశారు. మరుక్షణం పాపను ఎత్తుకుని డాక్టరు గదిలోకి వెళ్లిపోయారు. బల్లకూ ఆ తలుపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. నలభయ్యే కదా అనుకున్నానని ఆ తల్లి అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. పాపకేమైనా అయితే చీటీ మీద ఉన్నది నా రాత.

గంట తర్వాత జ్వరం దిగింది. సిస్టర్ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. చీటీ ముందు పెట్టి లెక్క చేయించారు. నలభైకి రెండింతలు ఎనభై, అందులో పదోవంతు తీసేస్తే డెబ్బై రెండు, ముప్పై రెండు కలిపితే నూట నాలుగు. ఆ అంకెను చీటీ మూలన రాశాను.

"లెక్క నీకొస్తది బిడ్డా. ఆ తల్లికి రాదు, మిషన్‌ను నమ్మింది. నువ్వు జర లేసి పిల్లను ముట్టుకుంటే ఏం పోయేది?"

సిస్టర్ రిటైరై చాలా కాలమైంది. మా కంప్యూటర్లో జ్వరానికి ఒకటే గడి. రెండో అంకె నేను పెన్నుతో చీటీ మూలన రాస్తాను. కొత్తవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఇవాళ పొద్దున ఒక తాతకు ముప్పై ఏడు వచ్చింది, మూలన తొంభై ఎనిమిది పాయింట్ ఆరు అని రాశాను. జ్వరం లేదు. అయినా కూర్చోలేక, లేచి వెళ్లి నుదురు పట్టుకుని చూశాను.

"మోకాళ్ల నొప్పికి వచ్చిన బిడ్డా," అన్నాడు తాత.

చేయి మాత్రం వెంటనే తీయలేకపోయాను.