ముసుగు పిలగాడి మూడోనాడు

మొన్న సాయంత్రం ఆదిభట్ల నుంచి వచ్చే కంపెనీ బస్సు దిగిన మా అమ్మాయి, ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే నిలబడి ఫోను చూస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఆఫీసులో ఏ పిడుగు పడిందోనని పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తాను. తీరా చూస్తే జరిగిందేమీ లేదు. ఎక్కడో జపాన్‌లో తీసే ఒక సీరియల్లో కొత్త భాగం ఆ రోజే వచ్చిందట, అందులో లోకాన్ని కాపాడే వీరుడొకడు పేలుడులో మాయమైపోయాడట, దాని మీద ముక్కూమొహం తెలియని వేలమంది ఫోన్లలోనే ఒకరినొకరు ఓదార్చుకుంటూ, అంతలోనే తిట్టుకుంటూ, మళ్ళీ ఏడుస్తూ ఉన్నారట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నెలనెలా జీతం తెచ్చే పిల్ల. నేను నవ్వుతానని ముందే గ్రహించింది కాబోలు, "శవాన్ని చూపియ్యలేదు గదమ్మా, చచ్చిండని ఎట్లంటరు?" అని నా మీదికే వచ్చింది. నేను నవ్వలేదు. ఇంచుమించు అదే మాట ముప్పై ఏళ్ళ కింద మా మేనత్త నోట విన్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కేబుల్ తీగ వీధి వీధికీ కొత్తగా పాకుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నంలో మా వీధికి ఆ తీగ మా ఇంటి చూరు మీదుగానే వచ్చింది, రంగుల టీవీ కూడా మా బాపే ముందు కొన్నాడు, అందుకని ఆదివారం పొద్దున్న మా ముందరి గది మాది కాకుండా పోయేది. నేను అప్పుడే డిగ్రీ ముగించి బస్టాండు వెనక ఒక చిన్న ప్రైవేటు బళ్ళో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. వారమంతా నా మాట వినని పిల్లలు ఆదివారం మా ఇంట్లో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునేవాళ్ళు, నాకోసం కాదు, కేబుల్ నడిపే అతను వారానికొకటి చొప్పున పట్నం నుంచి తెచ్చి వేసే జపాను క్యాసెట్టు కోసం. ఒక రేవు ఊరు, దాని మీదికి సముద్రంలోంచి వారానికొక వింత జంతువు రావడం, చేపలమ్మే ఇంట్లో పుట్టిన ఒక కుర్రాడు వెండి ముసుగూ ఆకుపచ్చ అంగీ తొడుక్కుని దాన్ని చితకబాది పంపడం, ఇదీ కథ. తెలుగు మాటలు ఎవరు అతికించారో గాని, మనుషులు నోళ్ళు మూసుకున్నాక కూడా మాటలు వినిపిస్తూనే ఉండేవి, అది మాకెవరికీ లోపంగా తోచలేదు. ఆ కుర్రాడికి నోరు తిరగని పేరేదో ఉండేది. మా వీధికి మాత్రం అతను ముసుగు పిలగాడు.

పెద్దవాళ్ళు చూసేవాళ్ళు కాదు, అంటే చూస్తున్నామని ఒప్పుకునేవాళ్ళు కాదు. పక్కింటి పెదనాన్న మా బర్రె పాల కోసం కేనుతో వచ్చి గడప దగ్గర నిలబడి, ఆట ముగిసేదాకా పాల సంగతే ఎత్తేవాడు కాదు. మా మేనత్తకు అలాంటి మొహమాటాలు లేవు. గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరుతూ చూసేది. అది కట్టుకథ అని ఆమెకు తెలియక కాదు, కథలో వాళ్ళనైనా మనవాళ్ళ లాగే అరుసుకోవాలని ఆమె పద్ధతి. "వీనికి తల్లి లేదానే, పొద్దుగాల బువ్వ తినకుంటనే ఉరుకుతుండు" అని జాలిపడేది, జంతువు వెనక నుంచి వస్తుంటే "ఎన్క జూడు బిడ్డా" అని కేకేసేది. టీవీలో ఆట అయ్యాక మా వాకిట్లో అసలు ఆట మొదలయ్యేది. వాడు అలా ఎందుకు చేశాడు, ఇలా ఎందుకు చేయలేదు అని పిల్లలు కొట్టుకు చచ్చి, చివరికి తీర్పు కోసం అత్త దగ్గరికే వచ్చేవాళ్ళు. టీచరునైన నన్ను ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు, అది నాకు కాస్త మంటగానే ఉండేది.

అత్త సంగతి ఇక్కడ చెప్పాలి. మా బాపుకు ఒక్కతే చెల్లెలు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మా మామ లారీ తోలుకుని ఉత్తరాదికి పోతూ, వానాకాలంలో పొంగుతున్న వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. లారీ దొరికింది, క్లీనరు శవం దొరికింది, మామ దొరకలేదు. బాపూ మరికొందరూ పోయి ఆ ఒడ్డు వెంట రోజుల తరబడి వెతికి, గడ్డాలు పెరిగి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పిల్లల్లేని అత్తను మా ఇంటికి తెచ్చుకున్నారు. మనిషి పోయాడని చూసినవాళ్ళు లేరు గనక ఆమె పుస్తెలు తీయలేదు, గాజులు తీయలేదు, బొట్టు మానలేదు. బతుకమ్మ నాడు పసుపు పంచుతూ వచ్చిన ఆడవాళ్ళ చేతులు ఆమె ముందుకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేవి. ఆ క్షణం రాకుండా మా అమ్మ ఎప్పుడూ ముందుగానే ఆమెకు పెట్టేసేది.

మనిషి జాడ తెలియకుండా పోతే పన్నెండేళ్ళు చూడాలని, ఆపైన దర్భలతో బొమ్మ చేసి దానికి దహనం, దినాలు జరిపించాలని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ పన్నెండేళ్ళు ఆ ఏడే నిండాయి. మా అన్నకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఇంట్లో శుభకార్యానికి ముందే ఈ పని కానిచ్చేయాలని చుట్టాలు బాపు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు, అయ్యగారు వచ్చే అమావాస్యకు ముహూర్తం కూడా చూసి పెట్టాడు. అత్త అవుననలేదు, కాదనలేదు. ఆమె నోటి నుంచి మాట రానిదే చేయించనని పట్టుబట్టింది బాపే, ఆ మాట అడగడానికి నోరు రాక ఇల్లంతా తిరుగుతున్నదీ బాపే. అమావాస్య దగ్గరపడుతోంది.

సరిగ్గా ఆ రోజుల్లో వచ్చిన ఆదివారం, కొత్త క్యాసెట్టులో, ముసుగు పిలగాడు దీపస్తంభం మీద నుంచి జంతువును గట్టిగా వాటేసుకుని దానితో సహా సముద్రంలో దూకేశాడు. నీళ్ళు కాసేపు ఎగిసి సర్దుకున్నాయి. ఒడ్డుకు ముసుగొక్కటే కొట్టుకొచ్చింది. ఊరివాళ్ళు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కన అతని ఫొటో నిలబెట్టి, పూలు పెట్టి, ఊదుబత్తీలు వెలిగించి తలలు వంచుకున్నారు. అంతే, పేర్లు పడ్డాయి. మా గదిలో ముందు ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, తర్వాత అందరూ అందుకున్నారు. పెదనాన్న పాలు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. తీర్పు కోసం పిల్లలు తిరిగి చూసేసరికి అత్త చాట పట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు బళ్ళో నా తరగతి రెండుగా చీలిపోయింది. చచ్చిపోయాడని ఒక పక్షం, లేదని ఒక పక్షం, లెక్కలు చెప్పబోతే వినే పక్షం మాత్రం లేదు. "ఫొటోకు పూలు పెట్టినంక ఇంకేముంటది టీచర్?" అని ముందు వరసలో పిల్ల నిలదీస్తే నేను లెక్కల పుస్తకం మూసేశాను, మన ఇళ్ళలో బతికున్నవాళ్ళ ఫొటోకు ఎవరు మాత్రం పూలు పెడతారు గనక. కేబుల్ అతన్ని తర్వాత ఏమవుతుందో చెప్పమని వీధివీధినా నిలబెట్టి అడిగారట. వచ్చే వారం క్యాసెట్టు తనకే ఇంకా అందలేదని ఒట్టేసి చెప్పినా వదలకపోయేసరికి, అతను చివరికి రెండు రోజులు బయటికే రాలేదు.

మూడోనాడు, మంగళవారం, బడి వదలగానే చచ్చాడన్న పక్షం వాళ్ళు మా ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో చేరారు. పోయినవాళ్ళకు మూడోనాడు ఇష్టమైనది వండి పిట్టకు పెట్టడం ఇళ్ళలో చూసిన పిల్లలు, తమవాడికీ ఆ లోటు రాకూడదనుకున్నారు. ముసుగు పిలగాడికి ఏమిష్టం? ప్రతి ఆదివారం అతను ఒక గిన్నెలోంచి సన్నగా పొడుగ్గా ఉన్నదేదో రెండు పుల్లలతో ఎత్తుకుని జుర్రుకునేవాడు. అదేమిటో ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరికీ తెలియదు. బాగా ఆలోచించి అది సేమియానే అని తేల్చారు. తలా పిడికెడు ఇళ్ళలోంచి తెచ్చి, మూడు రాళ్ళ పొయ్యి మీద ఉడకబెట్టాక చక్కెర లేదని గుర్తొచ్చి, మా అత్త దగ్గరికి వచ్చారు. నేను కాళ్ళు కడుక్కుంటున్నాను. ఎందుకని అత్త అడిగితే, ఆ ముందు వరస పిల్లే వినయంగా మొత్తం చెప్పింది, తీపి లేకపోతే పిట్ట ముట్టదేమోనని తమ భయం కూడా చెప్పింది.

అత్త చెప్పులైనా తొడుక్కోకుండా లేచి వాకిలి దాటింది. ప్లాటు హద్దురాయి మీద విస్తరాకు, ఆకులో సేమియా, పక్కన పద్ధతిగా పెట్టిన రెండు పుల్లలు, కరెంటు తీగ మీద ఒక కాకి. ఆమె ఆ విస్తరిని రెండు చేతులా ఎత్తేసుకుని, "ఎవడు జూసిండు వాని పీనుగను? నీళ్ళల్ల పడ్డోడల్లా సచ్చినట్టేనా? ముసుగు దొరికితే మనిషి దొరికినట్టేనా? మొకం జూడకుంట పిట్టకెట్ల పెడ్తరే?" అని అరిచింది. ఆమె గొంతు అంత పైకి లేవడం నేనెన్నడూ వినలేదు. పిల్లలు ఇంత కోపమెందుకో అర్థంకాక బిక్కమొహాలు వేశారు. గుమ్మాల్లోకి వచ్చిన పెద్దవాళ్ళకు అందరికీ అర్థమైంది, మా బాపుకు అందరికంటే ముందు అర్థమైంది. లోపలికి రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వచ్చి, ఆ సేమియాను బర్రె కుడితిలో పోసి, చేతులు కడుక్కుని, పొయ్యి అంటించింది.

ఆ తర్వాత నాలుగు రోజులూ మా వీధిలో అందరూ ముసుగు పిలగాడి గురించే మాట్లాడారు, నిజానికి ఎవరూ అతని గురించి మాట్లాడలేదు. నల్లా దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి "మల్ల వస్తడంటవా?" అని నన్ను అడిగేవాళ్ళు, అడుగుతూ మా ఇంటివైపు చూసేవాళ్ళు. దర్భలు తెప్పించనా అని అయ్యగారు కబురు పెడితే, ఆదివారం దాకా ఆగమన్నాడట బాపు. ఎకరాల బేరాలు నిలబడి తేల్చే మనిషి, జపానులో ఎవరో కుర్రాడు నీళ్ళలోంచి లేస్తాడా లేదా అని ఎదురుచూశాడు. నాకు నవ్వూ వచ్చింది, ఆయన మొహం చూస్తే ఆ నవ్వు నిలవనూ లేదు.

ఆదివారం గది నిండి, కిటికీ ఊచలు నిండి, వాకిలి కూడా నిండింది. ఎన్నడూ ఆట చూడని బాపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్త చాటతో వచ్చి తన చోట కూర్చుంది. కరెంటు పోలేదు, అదొక అదృష్టం. చాలాసేపు సముద్రమే చూపించి, చివరికి అలల్లోంచి చినిగిన అంగీతో, ముసుగు లేకుండా, ఆ కుర్రాడు తూలుతూ ఇసుక మీదికి నడిచొచ్చాడు. ఇంత లేత మొహమా అనుకున్నాను. పిల్లలు వేసిన కేకకు మా ఇంటి రేకులు అదిరాయి, కిటికీ బయట ఎవరో ఈల వేశారు, పెదనాన్న బాహాటంగా కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దవాళ్ళం మాత్రం టీవీ చూడటం మానేసి అత్తను చూశాం. సంతోషిస్తుందని అనుకున్నాం. ఆమె మాటే నెగ్గింది కదా.

అతను ఒడ్డు చేరి తనవాళ్ళను కలిసేదాకా అత్త కన్నార్పకుండా చూసింది. తర్వాత తల వంచి బియ్యంలో వేళ్ళు పెట్టి, "వచ్చెటోడు వారంల వచ్చిండు" అంది. ఎవరితోనూ కాదు. పిల్లల గోలలో ఆ మాట దగ్గరున్న నలుగురికే వినబడింది. రాళ్ళేరుతూనే, "అన్నా, అయ్యగారికి జెప్పు" అంది.

పన్నెండేళ్ళు చుట్టాలు చెప్పలేని మాట, బాపు అడగలేని మాట, ఆమె అంత మామూలుగా అనేసింది. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.

అమావాస్యకు అంతా పద్ధతిగా జరిగింది. పిట్ట వెంటనే ముట్టిందని చుట్టాలు ఊపిరి పీల్చుకున్నారు, అత్త ఎటో చూస్తూ కూర్చుంది. ఆమె గాజులు తీసిన రోజు మా అమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు. ఆ దినాలన్నీ ఇంట్లో టీవీ పెట్టలేదు. అవి అయ్యాక వచ్చిన ఆదివారం పిల్లలు అలవాటుగా వచ్చి, బొట్టులేని ఆమె మొహం చూసి గడప అవతలే ఆగిపోయారు. ఆమే లేచి టీవీ పెట్టి, "రాండ్రి లోపటికి. మీ పిలగాడు వచ్చిండు గదా, చూస్కోండ్రి" అని, తను చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ ఆట చూడలేదు.

అత్త పోయి కూడా చాలా కాలమైంది. ఆమె పోయినప్పుడు మంచం చుట్టూ మేమంతా ఉన్నాం, అనుమానానికి తావు లేదు. ఈ రోజుల్లో మనిషి అంత సులువుగా జాడ లేకుండా పోవడం కుదరదు, చేతిలో ఫోను ఎక్కడ ఆగిందో చెబుతుంది, టోల్ గేటు కెమెరా ఏ బండి ఎప్పుడు దాటిందో చెబుతుంది. కథల్లో వీరుల సంగతైనా వారం ఆగనక్కర్లేదు, ఎవరో ఒకరు ముందే కనుక్కుని లోకానికంతా చెప్పేస్తారు. మంచిదే అనుకుంటాను. కాని ఒక్కోసారి, ఇవన్నీ మా మామ నాటికే వచ్చి ఉంటే ఏమయ్యేదని ఆలోచన వస్తుంది. రెండు రోజుల్లో ఖాయంగా తెలిసిపోయేది, ఎవరూ ఆ ఒడ్డున గడ్డాలు పెంచుకుని తిరిగేవాళ్ళు కాదు, అత్తకు పాతికేళ్ళు నిండకముందే ఆమె గాజులు తీసేసేవాళ్ళు. ఏమీ తెలియకపోబట్టి ఆమె ఇంకో పన్నెండేళ్ళు తల్లో పూలు పెట్టుకుంది.