కొసకు చేరిన ముక్కలు

కాలేజీలో పండ్ల ఈగ పాఠం చెప్పేటప్పుడు నేనిప్పటికీ తడబడతాను.

ఆ రోజు సంతోష్‌నగర్ బస్సులో ఆ పాఠానికే ఈగ క్రోమోజోము బొమ్మ గీసుకుంటున్నాను. పక్క సీటు పెద్దాయన పాత కరెంటు బిల్లుల కవరును గుండెకు అదుముకుని కూర్చున్నాడు.

"ఏంది మేడం గది?"

"ఈగ ఒంట్లోని పోగండి. కణం చీలినప్పుడల్లా దీని కొస కాస్త అరుగుతుంది. చాలా పురుగుల్లో దాన్ని పూడ్చే ఏర్పాటు ఉంటుంది. ఈ ఈగలో లేదు. ఎక్కడినుంచో దూకి వచ్చే ముక్కలే కొసకు చేరి దాన్ని నిలబెడతాయి."

"మరి గా ముక్కల్ని ఖాళీ చేపిస్తే?"

"వెంటనే ఏమీ కాదండి. తరతరానికీ కొస తరుగుతూ పోతుంది."

ఆయన బిల్లుల కవరును తడిమి చూసుకున్నాడు.

"మా ఇల్లు మురికి నాలా అంచుకే ఉంది మేడం. నలభై ఏండ్ల సంది ఉంటున్నం. మొన్న కూలగొడతమని గోడకు ఎర్ర గుర్తు పెట్టి పోయిన్రు."



మలక్‌పేటలో దిగబోతూ ఆయన బొమ్మలోని ఆ ముక్కల వైపు వేలు చూపించాడు. "వీటి పేరేంది?"

వాటి పక్కన నేను 'చొరబాటుదారులు' అని రాసి ఉన్నాను. ఆ మాటను అరచేత్తో కప్పేశాను.

"ఇంకా పెట్టలేదండి," అన్నాను.