నీళ్ల కింద ‘ఇ’

కొండల్లో సరస్సులను ఫోటో తీయడానికి జనం కాశ్మీరు పోతారు. నేను తర్లుపాడు ఆటో ఎక్కాను. మా మార్కాపురం చుట్టుపక్కల సరస్సులకూ పర్వతాలకూ కొదవలేదు. పలకల రాయి కోసం తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలిస్తే అవి సరస్సులు. ఆ గుంతల్లోంచి తీసి పక్కన పోసిన పనికిరాని రాతిముక్కల గుట్టలు పర్వతాలు. ప్రతి పర్వతమూ పక్కనున్న సరస్సులోంచే పుట్టింది కాబట్టి కొలతల్లో తేడా రాదు. హిమాలయాలకు ఈ సౌకర్యం లేదు.

నా సన్నాహాలు చెప్పకపోతే చరిత్రకు అన్యాయం. వీపున దూడంత బరువున్న కెమెరా సంచి. కాళ్లకు ఎవరెస్టు ఎక్కేవాళ్లు కూడా మొయ్యలేని బూట్లు. వారానికి సరిపడా చిత్రాన్నం పొద్దున తొమ్మిదింటికే అయిపోయింది.

దారి చూపడానికి వచ్చింది ఒకప్పుడు ఆ గుంతల్లోనే రాయి కొట్టిన పెద్దాయన. మామా అని పిలుస్తాను. ఆ దారిన పోయే ప్రతి ఊళ్లోనూ సగం మంది నాకు మామలే. వెంట ఆయన భార్య కూడా బయలుదేరింది. మామ ఛాతీలో రాతిపొడి ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది; నాలుగడుగులకొకసారి నిలబడాలి. అత్త అందుకే వస్తోందనుకున్నాను. అసలు సంగతి గుట్ట సగం ఎక్కాక తెలిసింది.

అత్త ఆదివారం చర్చిలో బైబిలు చదివి వినిపించే మనిషి. మామకు అక్షరం ముక్క రాదు. పెళ్లి మాటలప్పుడు మాత్రం చదువు వచ్చని చెప్పాడట. పెళ్లైన వారానికి ఆమె పాటల పుస్తకం చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకున్నాడు. నేర్చుకున్నమాటా నిజమే, మరిచిపోయినమాటా నిజమే అని ఆయన వాదన. పెళ్లికి ముందు తోటి పనివాడొకడు అన్నం వేళ వారానికో అక్షరం చెప్పేవాడట. పలక మీద గీస్తే పలక పాడవుతుంది కనుక మామ దాన్ని గుంత గోడ మీదే ఉలితో చెక్కేవాడట. గుంత దిగేకొద్దీ అక్షరాలూ దిగాయి. ‘అ’ అన్నిటికన్నా పైన, ‘ఱ’ పాతాళంలో. తర్వాత రాయి అయిపోయింది, నీళ్లు తోడే మోటారు ఆపేశారు, సాక్ష్యమంతా మునిగిపోయింది. ఏ వేసవిలోనూ ఆ నీళ్లు దిగలేదు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఈ కేసు వాయిదాల మీద నడుస్తోంది.

దాన్ని మళ్లీ విచారణకు తెచ్చింది నా నోరే. లెన్సుకు తగిలించే నల్ల అద్దం ఒకటి కొన్నాను. దాన్ని తిప్పితే నీటి మీది మెరుపు పోయి లోపలిది కనిపిస్తుంది. వారం కిందట టీ బంకు దగ్గర దాని మహిమ చెబుతూ, సముద్రం అడుగున పారేసుకున్న ఉంగరం కూడా దొరుకుతుందన్నట్టు గుర్తు. మామ టీ గ్లాసు కింద పెట్టి, ఎప్పుడు పోదామని అడిగాడు.

పైకి చేరాం. కింద కదలని నీళ్లు, నీళ్లలో తలకిందులుగా గుట్ట, దాని కింద ఆకాశం. పెంచి చెప్పడానికి నాకు ఏమీ మిగల్లేదు. అద్దం తిప్పితే ఆ గుట్టా ఆకాశమూ నీటి మీంచి చెరిగిపోతాయి. మామ కోసం ముందే తిప్పేశానని రాసుకుంటే బాగుండేది. పదిహేడు ఫోటోలు తీసుకున్నాక తిప్పాను. అంతసేపూ మామ ఊపిరి సన్నగా ఈల వేస్తుంటే అవతలి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

“అల్లుడా, ఆ పగులు కింద,” అన్నాడు.

పర్వతం పోయింది. ఆకాశం పోయింది. పచ్చటి నీళ్లలో గోడ తేలింది. దాని మీద మనిషి తలంత ‘అ’. దాని కింద ‘ఆ’. ఇంకో రెండు. ఆ కింద చీకటి.

నేను పక్కకు జరిగాను. అత్త కొంగు తల మీదికి లాక్కొని కెమెరాకు కన్ను ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. మామ దగ్గు వస్తుంటే నోరు మూసుకొని ఆపుకున్నాడు.

“‘ఇ’ తిరగేసి రాసినావు,” అంది.

“రాయి పెళుసు. ఉలి జారింది.”

“నాలుగే కనపడతాండాయి.”

“కింద ఉండాయి, అన్నీ.”

“ఉంటే ఉండనీలే. ‘ఇ’ అట్ల రాస్తారా ఎవురన్నా?”

గుట్ట దిగుతూ ఆయన ఆగిన ప్రతిచోటా ఆమె ఒక రాతిముక్క ఏరి, ఇంకో ముక్కతో దాని మీద సరైన ‘ఇ’ గీసి చూపించింది. నాకు తెలుసులే అంటూ ఆయన వాటిని పర్వతానికే తిరిగి ఇచ్చేశాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఉలి తప్పు, రాయి తప్పు అయిపోయి, వంతు నా కెమెరాకు వచ్చింది.

“అద్దంలో ఏదైనా తిరగబడే గదా కనపడేది. చెప్పు అల్లుడా మీ అత్తకు.”

బతుకంతా ఎవరూ అడక్కుండానే అబద్ధాలు చెప్పినవాణ్ని. మొదటిసారి ఒకరు అడిగారు. తిప్పుతుంది అత్తా అన్నాను.

“మరి మిగిలిన మూడూ తిరగలేదేం నాయనా?” అంది.

ఇంతలో ఆటో వచ్చింది.